కల్లం మీద గోల్ఫు

ఏసమ్మ కాజీపేటలో ప్యాసింజరు ఎక్కినప్పుడు ఆమె గంపలో నాలుగు కోళ్లు, శేరు నెయ్యి, అర డజను గోల్ఫు బంతులు ఉన్నాయి. 1961 డిసెంబరు 27, బుధవారం.

వరంగల్‌లోని ఒక మిషన్ ఆసుపత్రిలో ఆమె పెద్ద ఆయా. అక్షరం ముక్క రాదు. అయినా ఆసుపత్రి వాళ్లు ఎక్కడికి వెళ్లాలన్నా ఏర్పాట్లు ఆమెవే. ఏ బండి ఎన్నింటికో, ఎవరికి కారం పడదో అన్నీ నోటికే వచ్చేవి. అందరికంటే ఒక రోజు ముందు వెళ్లి చోటు కళ్లారా చూసుకునేది. ఇరవై ఏళ్లలో ఒక్క ఏర్పాటూ తప్పలేదు.

ఈ ప్రయాణం లిదియా డాక్టరమ్మ కోసం. ఎడిన్‌బరోలో చదివేటప్పుడు ఆమె గోల్ఫు నేర్చుకున్నారు. కర్రతో బంతిని కొట్టి, ఎంత తక్కువ దెబ్బల్లో గుంటలో వేస్తే అంత గొప్ప ఆ ఆటలో. శనివారం ఉద్యోగం విరమించి నెల్లూరు వెళ్లిపోతున్నారు. రఘునాథపల్లి సర్కారు బంగ్లా మైదానంలో తొమ్మిది గుంటలూ ఒక్కసారైనా పూర్తిగా ఆడాలని ఆమె కోరిక. ఎప్పుడు వెళ్లినా సగంలో ఏదో కాన్పు కబురు వచ్చేది. ఈసారి ఆడించే పూచీ తనదని ఏసమ్మ మాటిచ్చింది.

ఆ నేలలో గడ్డి నిలవదు. అందుకని బంతి సాఫీగా దొర్లేలా ప్రతి గుంట చుట్టూ గుండ్రంగా చదును చేసి, నూనె కలిపిన ఇసుక పరిచేవారు. ఏసమ్మ వెళ్లేసరికి నాలుగు, అయిదు, ఆరు గుంటల దగ్గర ఇసుక లేదు. పేడతో నున్నగా అలికిన కల్లాలున్నాయి, వాటి పక్కన వరి కుప్పలున్నాయి. బంగ్లా కాపలాదారు నెల రోజులుగా జ్వరంతో ఇంటిపట్టునే ఉన్నాడట.

"గుండ్రంగ, సాపుగ ఉంటే ఎవలో పుణ్యాత్ములు కల్లం జేసి ఇడిసిపెట్టిన్రనుకున్నం అక్కా," అన్నాడు రైతు ఉప్పలయ్య. "నడిమిట్ల బొక్క ఒక్కటే ఉండె. మట్టి వెట్టి పూడ్చినం."

తూర్పున మబ్బు పడుతోంది. బంగ్లా పేరు చెప్పి బెదిరిస్తే కుప్పలు తీసేస్తారని ఏసమ్మకు తెలుసు. తడిస్తే వాళ్ల ఏడాది తిండి పోతుందనీ తెలుసు. ఎన్నాళ్ల పని మిగిలిందని అడిగింది. మనుషులు లేరు, మూడు రోజులన్నాడు. రేపు పొద్దుటి బండికి తనవాళ్లు పదకొండు మంది వస్తారు, మధ్యాహ్నానికల్లా ముగించేద్దామంది.

ఉప్పలయ్య భార్య సమ్మమ్మ నవ్వింది. "సూదులు గుచ్చెటోళ్లు వరి కొడ్తరా?"

"నర్సులు గాకముందు వాళ్లు ఎవల బిడ్డలనుకున్నవ్?" అంది ఏసమ్మ.

ఉప్పలయ్య ఒక్క షరతు పెట్టాడు. ఆట కోసమైనా సరే, కల్లం మీదికి చెప్పులతో ఎవరూ ఎక్కకూడదు. వట్టి కాళ్లతో తిరిగితే కడుపులో పురుగులు పడతాయని ఇరవై ఆరేళ్లుగా ఊరూరా మందలించిన మనిషి డాక్టరమ్మ. ఇంట్లో కూడా ఆమె చెప్పులు విప్పరు. అయినా ఏసమ్మ ఆమె తరఫున ఒప్పుకుంది.

మర్నాడు నర్సులు, కాంపౌండర్లు బండి దిగి నేరుగా కల్లంలోకి దిగారు. అందరికంటే ముందు కొంగు బిగించింది ఏసమ్మే. కట్టలు కొట్టి, తూర్పారబట్టి రెండింటికల్లా వడ్లు బండికెక్కించారు. ఆమె గరిటె కాడతో మూడు గుంటలూ తవ్వి మట్టి తీసింది.

వాళ్లతోపాటే వచ్చిన డాక్టరమ్మ మొదటి మూడు గుంటలు ముగించి నాలుగో దాని అంచున బూట్లతో ఆగారు. ఏసమ్మ షరతు సంగతి చెప్పింది.

"చెప్పులేసుకోమని ఊళ్లన్నీ తిరిగి చెప్పిన నోరు నాది, ఏసమ్మా."

"ఎరికేనమ్మా. గందుకే ఆరో గుంట కాడ ఉడుకునీళ్లు, సబ్బు పెట్టిచ్చిన."

డాక్టరమ్మ అటు చూశారు. పొయ్యి మీద బిందె, పక్కన ముక్కాలి పీట, మడతపెట్టిన తువ్వాలు. వంగి బూట్ల తాళ్లు విప్పారు.

వాన అయిదింటికి మొదలయింది. వడ్లు అప్పటికే ఉప్పలయ్య ఇంట్లో ఉన్నాయి, ఆట ముగిసింది. ఆ రోజు డాక్టరమ్మ తొమ్మిది గుంటలకు అరవై ఏడు దెబ్బలు కొట్టారు. కల్లాల మీది మూడింటికి పదిహేనే సరిపోయాయి.