మూడు ఆదివారాలు, పదకొండు చీటీలు

మూడు నెలలు వరసగా, మూడు మీటింగులూ ఆదివారం పొద్దున తొమ్మిదికే పెట్టి, నర్సమ్మను కమిటీ నుంచి తీసేసినాను. ఆ వేళకు ఆమె చర్చిలో ఉంటుందని నాకు తెలుసు. తెలిసే పెట్టినాను. పెట్టమన్నది ఇంకొకరే గానీ, నోటీసు రాసింది నా చెయ్యి, రోజు ఎంచింది నా బుర్ర.

ఇప్పుడు సంఘం లేని వీధి లేదు మా ఊళ్ళో. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, గౌరవ సలహాదారు, వాళ్ళకు దండలు, ఫోటోలు. ఆ సంఘం ఏ పనికి పుట్టిందో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు. మండినంతసేపూ లోపల నుంచి ఒక గొంతు అడుగుతా ఉంటుంది: నువ్వేం తక్కువ తిన్నావని? అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు యుద్ధం జరుగుతా ఉండింది. గుడ్డకు కరువు, కిరసనాయిలుకు కరువు, కాగితానికి మరీ కరువు. తిరుపతిలో స్టేషనుకు కొంచెం అవతల ఒక పెంకుటింట్లో నాలుగు మంచాలు వేసి, బీదవాళ్ళ కోసమని ఉచితంగా ఒక పురుటి ఆసుపత్రి పెట్టినారు ఊరి పెద్దలు. నడిపేదానికి ఏడుగురి కమిటీ. రిటైరైన తాసిల్దారు అధ్యక్షుడు. ఒక వకీలు, ఒక డాక్టరు, ఒక రైసుమిల్లు ఆసామి, ఇద్దరు బజారు వర్తకులు. ఏడో మనిషి నర్సమ్మ. చిత్తూరు పక్క పల్లె ఆమెది. మిషన్ ఆసుపత్రిలో ఇరవై ఏండ్లు పురుళ్ళు పోసి, కండ్లు మసకబారి పని మానుకుని, మా ఊళ్ళో అక్క ఇంట్లో ఉండేది. పురుడంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాల గదా అని ఆమెను వేసుకున్నారు. వేసుకునేటప్పుడు ఆమె నోరు తెరిచి మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు.

నేను సెక్రటరీని. నాకు ఓటు లేదు, కలం ఉండింది. మూడో క్లాసుతో బడి వదిలి, అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి పేర్చి చదువు నేర్చుకున్నవాణ్ణి. అచ్చు అక్షరం అద్దంలో మాదిరి తిరగబడి ఉంటుంది. నాకు ఆ తిరగబడిన చదువే ముందు వచ్చింది. అట్లాంటివాణ్ణి వకీలు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, "ఏమంటారు సెక్రటరీ గారూ" అంటే, ఆ పూట నాకు అన్నం అక్కర లేదు. నా రోగం అదీ.

నా పని పద్ధతి కూడా చెప్పాల. మినిట్స్ పుస్తకం నేను మీటింగు ముందురోజే రాసి పెట్టుకునేవాణ్ణి. తాసిల్దారు గారు పిలిచి ఏమేమి తీర్మానించబోతామో చెప్తారు, నేను ముత్యాల మాదిరి రాసుకుంటాను, మరుసటి రోజు అందరూ కాఫీ తాగి సంతకాలు పెడతారు. ఎవరికీ కష్టం లేదు. నర్సమ్మ వచ్చిన రెండో మీటింగులోనే పుస్తకం ముందుకు లాక్కుని, కండ్లకు ఆనించుకుని చదివింది.

"ఏమప్పా, 'సభ్యులు దీర్ఘంగా చర్చించిన మీదట' అని రాసినావే. ఎప్పుడు చర్చించినాం? ఇంకా కాఫీ కూడా రాలేదు గదా?"

వకీలు నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. డాక్టరు మార్చుకోలేదు, నవ్వేసినాడు. నా చెవులు కాలిపోయినాయి. అంతమందిలో నా రాతను తప్పుపట్టిన మొదటి మనిషి ఆమె. ఆ మంట నేను లోపల పెట్టుకున్నాను.

అసలు గొడవ చీటీ గురించి. ఆసుపత్రిలో చేరాలంటే కమిటీ సభ్యుల్లో ఒకరి సంతకం ఉండే సిఫార్సు చీటీ తేవాల. అది లేకుంటే ఆయా వాకిట్లోనే ఆపుతుంది. ఆ చీటీలను అచ్చు వేసింది నేనే. కాగితం దొరకక పెండ్లి పత్రికల అంచులు కత్తిరించి, వాటి మీద వేసినాను. చుట్టూ తీగ బార్డరు కూడా పెట్టినాను. దాన్ని చూసుకుని మురిసినవాణ్ణి నేను.

నర్సమ్మకు ఆ చీటీ అంటే గిట్టదు. ఒక మీటింగులో తాసిల్దారు గారితో నేరుగానే అన్నది.

"నొప్పులొచ్చిన ఆడది మీ ఇంటి ముందర బండి ఆపుకుని, మీరు పూజ ముగించుకుని వచ్చేదాకా నొప్పుల్ని ఆపుకోవాల్నా సామీ?"

"చీటీ లేకుంటే ఎవరు పడితే వాళ్ళు వస్తారమ్మా," అన్నారు ఆయన.

"పురుటి ఆసుపత్రికి ఎవరు పడితే వాళ్ళు ఎందుకొస్తారు సామీ? కడుపుతో ఉండేవాళ్ళే గదా వచ్చేది!"

ఈసారి రైసుమిల్లు ఆసామి కూడా నవ్వినాడు. తాసిల్దారు గారు నవ్వలేదు. ఆయనకు ఇంటి ముందర నిలబడే బండ్లు కావాల. చీటీ కోసం చేతులు కట్టుకుని నిలబడే మనుషులు కావాల. ఉద్యోగం పోయినాక ఆయనకు మిగిలిన కచేరీ అదొకటే. ఇది నాకు అప్పుడూ తెలుసు.

చీటీ ఎత్తేయాలని ఆమె ప్రతిపాదన రాసి ఇచ్చింది. డాక్టరు ఆమె పక్క. వర్తకుల్లో ఒకాయన ఆమె పక్క. రైసుమిల్లు ఆసామి ఊగుతా ఉన్నాడు. ఆయన కూడా ఒరిగితే నలుగురు.

మరుసటి రోజు తాసిల్దారు గారు అచ్చాఫీసుకే వచ్చినారు. అంత పెద్దమనిషి నా కోసం సిరా మరకల బెంచీ మీద కూర్చున్నారు.

"నియమాల్లో ఒకటి ఉండాది చూడు నాయనా. వరసగా మూడు మీటింగులకు రాని సభ్యుల పేరు దానంతటదే పోతాది."

"ఆమె ఒక్క మీటింగు కూడా తప్పదు సార్," అన్నాను.

"తప్పదు. తప్పేటట్టు మీటింగు పెట్టడం సెక్రటరీ చేతిలో ఉంటుంది." చేతికర్ర నేలకు ఆనించి లేచినారు. "నేను ఏమీ చెప్పలేదు. నీకు తెలివి ఉండాది."

ఉండింది. ఆదివారం పొద్దున తొమ్మిది అని రాసినాను.

మొదటి నోటీసుకే ఆమె జాబు పంపింది: "ఆదివారం పొద్దున నాకు ఆరాధన. సాయంత్రానికి మార్చండి, లేదంటే సోమవారం పెట్టండి." రెండో నోటీసుకు మళ్ళీ పంపింది. రెండూ నా సొరుగులో పెట్టి మూసినాను. కమిటీకి చూపలేదు. "నర్సమ్మ రాలేదేమి?" అని డాక్టరు అడిగితే, "నోటీసు అందింది సార్, సంతకం కూడా ఉండాది" అన్నాను. అబద్ధం కాదు. మూడో నోటీసుకు ఆమె ఏమీ రాయలేదు. మూడో ఆదివారం ఆమె పేరు పోయింది, ప్రతిపాదించిన మనిషి లేదు గనక ప్రతిపాదనా పోయింది. ఆ తీర్మానం నేను ముందురోజు రాసి పెట్టుకున్నదే. ఒక్క అక్షరం దిద్దే పని పడలేదు.

అంతటితో ఆగి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదేమో.

నర్సమ్మ ఒక ఉపాయం చేసి ఉండింది. ఖాళీ చీటీల మీద తన సంతకం పెట్టి, ఒక కట్ట ఆయా దగ్గర ఉంచింది. చీటీ లేకుండా ఎవరు వచ్చినా, ఆయా అందులో ఒకటి తీసి పేరు రాయించి లోపలికి పంపేది. ఈ సంగతి తాసిల్దారు గారి చెవిన పడింది. సభ్యురాలు కాని మనిషి సంతకాలు చెల్లవు, పోయి తెమ్మన్నారు. పోయినాను.

ఆయా కట్ట చేతికి ఇయ్యకుండా కొంగులో పట్టుకుని నిలబడింది.

"నిన్నటిదాకా చెల్లిన సంతకం ఈ పొద్దు చెడిపోతాదా సామీ? పెరుగా అది?"

"రూలు అట్ల ఉండాది. ఇయ్యి."

ఇచ్చింది. పదకొండు ఉన్నాయి. ఆమె ముందరే చించినాను. నేను అచ్చు వేసినవే, తీగ బార్డరుతో.

ఆ నెలలోనే ఒకరోజు, పొద్దున పదిగంటలప్పుడు, తిరుచానూరులో పూలమాలలు కట్టే ఒకతను అచ్చాఫీసుకు పరుగెత్తుకుంటా వచ్చినాడు. వేలికి అరటినార చుట్టుకునే ఉంది. భార్యకు నొప్పులు. బండి ఆసుపత్రి వాకిట్లో ఆపి, చీటీ కోసం ఊరంతా తిరిగినాడు. తాసిల్దారు గారు అలిపిరి నుంచి నడిచి కొండెక్కినారంట. వకీలు చిత్తూరు కోర్టుకు, మిల్లు ఆసామి నాయుడుపేటకు పోయినారంట. డాక్టరు ఏదో పల్లెలో రోగిని చూసేదానికి పోయినాడు. వర్తకులు ఇద్దరూ అప్పటికి అంగళ్ళకు రాలేదంట.

"మీరు సెక్రటరీ గదా సామీ, ఒక చీటీ రాయండి."

"నాకు సంతకం పెట్టే అధికారం లేదప్పా."

అతను నా వెనక గూట్లోకి చూసినాడు. ఖాళీ చీటీలు కట్టలుగా ఉన్నాయి.

"అవి ఏంటివి సామీ మరి?"

ఒక చీటీ తీసుకుని బజారుకు పరుగెత్తినాను. కమిటీ వర్తకుల్లో ఒకాయన దొరికినాడు. బేరంలో ఉన్నాడు, ఆగమన్నాడు, ఆగినాను. సంతకం పెట్టించుకుని ఆసుపత్రికి పోయేసరికి బండి లేదు. చీటీ దొరకదనుకుని, తిరుచానూరులో మంత్రసాని ఉండాదని వెనక్కి తిప్పుకున్నారంట. దారిలోనే కాన్పయింది. బిడ్డ అడ్డం తిరిగి ఉండింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రిలో అయితే మాత్రం బతికేదని ఎవరు చెప్పగలరు, అన్నాడు వకీలు. ఎవరూ చెప్పలేరు. కానీ సంతకం పెట్టిన చీటీలు పదకొండు ఉండినాయి, వాటిని చించింది ఎవరని అడిగితే నేను చెప్పగలను.

తర్వాతి మీటింగులో "చీటీల పద్ధతి సక్రమంగా నడుస్తున్నందుకు సభ్యులు సంతృప్తి వెలిబుచ్చినారు" అని రాయమన్నారు. రాసినాను. ఆ రోజు ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. డాక్టరు తల దించుకుని సంతకం పెట్టినాడు. ఎదురు అడిగే మనిషి పోయినాక కమిటీ ఎంత సుఖంగా నడుస్తుందో ఆ రోజు చూసినాను. కాఫీ బాగుండింది.

ఏడాది గడిచింది. నర్సమ్మ అప్పటికి చిత్తూరుకు పోయింది. ఒకరోజు సొరుగు సర్దుతా ఉంటే ఆమె జాబులు రెండూ చేతికి తగిలినాయి. కూర్చుని నాలుగు కాగితాలు రాసినాను, ఏదీ దాచకుండా. క్షమించమని రాసినాను. ఒక నెల చూసినాను, రెండు నెలలు చూసినాను, పోస్టు మనిషి అచ్చాఫీసు దాటి పోతానే ఉన్నాడు. మూడో నెలలో వచ్చింది జవాబు.

దాన్ని నేను సొరుగులో పెట్టలేదు. సోమవారం సాయంత్రం మీటింగు పెట్టి, మొదటి అంశంగా నిలబడి చదివినాను. ఓటు లేనివాడు చదవకూడదని వకీలు అన్నాడు. చదివినాను. తాసిల్దారు గారు చేతికర్ర నేలకు కొట్టినారు. చదివినాను. డాక్టరు తల ఎత్తినాడు, మిల్లు ఆసామి చెయ్యి ఎత్తినాడు, వర్తకులు ఇద్దరూ ఎత్తినారు, చీటీ పోయింది. ఆ తీర్మానం జరిగినాక రాసినాను. నా చేతి మీదుగా అట్లా రాసింది అదే మొదలు.

జవాబు ఇది:

"సెక్రటరీ అప్పకు. మీ జాబు అందింది. నాకు చూపు ఆనదు, ఇంకొకరితో చదివించుకునేదానికి ఇన్నాళ్ళు పట్టింది. మూడు ఆదివారాల సంగతి రాసినారు. నా సంతకాలు చించిన సంగతి రాసినారు. మీకు అన్నం సయించని సంగతి కూడా రాసినారు. చీటీ ఎత్తేసినారా లేదా అనేది మాత్రం నాలుగు కాగితాల్లో యాడా లేదు. రెండోసారి కూడా చదివించుకున్నాను, లేదు. నాకు కోపం ఉండింది, ఇప్పుడు లేదని అనను. తిరుచానూరు ఆ పూలాయన భార్య మళ్ళా నెల తప్పిందంట, ఆయా చెప్పి పంపింది. ఈసారి ఆమె బండి దిగితే వాకిట్లో ఏమి అడుగుతారు? ముందు అది రాయండి. క్షమించేది తర్వాత చూస్తాం."