కోతల పండుగలో వేలం పోయిన సైకిలు

మా ఎదురింటి డ్రిల్ టీచరమ్మ పోయిన వారం కన్నుమూశారు. నంద్యాల ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను నా సైకిళ్ల అంగట్లో ఒక ట్యూబుకు ప్యాచీ వేస్తున్నాను. అది పూర్తి చేసే లేచాను. పని సగంలో వదిలి వస్తే ఆమె ఒప్పుకునేవారు కాదు.

రిటైరైనా మెడలో విజిలు తీయని మనిషి. చీర కుచ్చిళ్లు బిగించి నల్లమల అంచున రాళ్లదారుల్లో సైకిలు తొక్కేవారు. "దెబ్బ తగిలేది మోకాలికి, పరువుక్కాదు" అనేవారు. ఆమె పెట్టిన కొండ సైకిళ్ల క్లబ్బులో మాత్రం అప్పట్లో అందరూ మగపిల్లలే.

"నా మోకాళ్లు మొరాయించేలోపల ఒక్క ఆడపిల్లన్నా కొండ ఎక్కల్ల, అన్నా."

అందుకే రెండేళ్ల కిందట ఆళ్లగడ్డ చర్చి కోతల పండుగలో స్టాలు పెట్టాం. కరపత్రం రాయడం నా వంతు. నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది టైర్ల మీదే కాబట్టి వాక్యాలు కూడా గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాయి. ఆ సంగతి వదిలేద్దాం. మధ్యాహ్నం దాకా స్టాలుకు వచ్చినవాళ్లంతా మజ్జిగ యాడిస్తాండారని అడిగినవాళ్లే. ఒక తండ్రి మాత్రం ఆగి, మా సైకిలు చూస్తున్న కూతురి చెయ్యి పట్టి లాగాడు.

"ఆడపిల్లకు కొండలేంది మేడమ్? కాలిరిగితే ఎవరు చేసుకుంటారు?"

"చేసుకునేది కాలినా అప్పా, పిల్లనా?"

ఆయన పిల్లను లాక్కుంటూ మజ్జిగ వైపు పోయాడు.

ఎండ ముదిరితే క్లబ్బుకున్న ఒకే ఒక్క గేర్ల సైకిలును చర్చి మెట్ల పక్కన నీడలో నిలబెట్టాను. తప్పు నాదే. కోతల పండుగకు జనం పండించింది తెచ్చి పెట్టేది ఆ మెట్ల దగ్గరే. ఆరాధన అయ్యాక వేలం. పాడుకున్నవాళ్లు మళ్లీ కానుకగా ఇచ్చేయడమూ ఉంది. ఒక ఏడాది ఒక పుంజు నాలుగు చేతులు మారి, విసుగెత్తి గోడ దూకింది. నేను మజ్జిగ తాగి వచ్చేసరికి గుమ్మడికాయకూ సజ్జల మూటకూ మధ్య మా సైకిలు వేలం అయిపోయింది. క్యారియరు లేదు, బెల్లు లేదు అని ఎవరూ పోటీ పాడలేదట. పాడుకున్నది శిరివెళ్లలో కూలికి పోయే ఒక తల్లి. పక్కన హైస్కూలు కూతురు.

సంగతి తెలిసి ఆ తల్లి హ్యాండిలు వదిలేసింది. "తీసుకోండి మేడమ్, మాకు తెలీదు." నేను సైకిలు మీద చెయ్యి వేశాను. టీచరమ్మ నా చెయ్యి తీసేశారు.

"దేవుని మెట్లకాడ పెట్టింది మళ్లీ అడుగుతామా అన్నా?" అని, ఆ తల్లి వైపు తిరిగారు. "ఎవరు తొక్కేదమ్మా?"

"నా బిడ్డ. బడి దూరం."

"తొక్కనీ. శనివారం మాత్రం కొండకు పంపల్ల."

"పడతాదేమో మేడమ్."

"పడతాది. లేస్తాది. ఆడ నేనుంటా కదా."

ఆ తల్లి హ్యాండిలు మళ్లీ పట్టుకుంది. "నేనూ వస్తా, చూడనీకి" అంది.

ఆ పిల్ల వెనక ఆమె తరగతి ఆడపిల్లలు, వాళ్ల వెనక చెల్లెళ్లు వచ్చారు. ఇప్పుడు క్లబ్బులో మగపిల్లలే తక్కువ. టీచరమ్మ ఎదురింటివాణ్నని చెప్పుకునేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది. కానివ్వండి.

పోయిన నెల టీచరమ్మ, తొక్కే ఓపిక లేక, నా స్కూటరెక్కి కొండ కిందికి వచ్చారు. పిల్లలు ఎర్రదుమ్ము లేపుతూ ఒక్కొక్కరే దిగారు. అందరూ అయిపోయారనుకున్నాక పై మలుపులో ఇంకో సైకిలు కనబడింది.

"ఎవరన్నా అది?"

శిరివెళ్ల తల్లి. చీర ఎగదోపి, "జరగండి, జరగండి" అని కేకలేస్తూ వస్తోంది.

"బండి తీయన్నా, బిరీన!" అన్నారు టీచరమ్మ. తీశానో లేదో, ఆ తల్లి మా ఇద్దరి మధ్య నుంచి దూసుకుపోయి, గట్టు దాటి, కందిచేలో ఆగింది. పచ్చని కంది పైన నవ్వుతున్న తల ఒక్కటే కనబడుతూ ఉండింది.