తోటికోడలి బాప్తిస్మానికి అత్తతో గుడియాత్తం ప్రయాణం

చిత్తూరు నుంచి గుడియాత్తం పోవాలంటే పరదరామి మీదుగా నేరుగా బస్సులున్నాయి, గంటన్నర కూడా పట్టదు. అయినా పోయిన నెల ఒక శనివారం నేను వేలూరు చుట్టు తిరిగి వెళ్లాను. కారణం మా అత్త ఫోను. "సుగుణా, శనివారం నాకు వేలూరు ఆసుపత్రిలో కన్ను చూపించేది ఉండాది. నువ్వు ఆడికే వచ్చెయ్. అట్నే ఇద్దరమూ గుడియాత్తం పోదాం. సాయంత్రం కవితకు బాప్తిస్మం గదా" అంది. బాప్తిస్మం అనే మాట మా అత్త నోట వినడం అదే మొదటిసారి. అంతకుముందు పద్నాలుగేళ్లుగా ఆమె దాన్ని "ఆ పని" అనేది.

కవిత నా తోటికోడలు, మా మరిది భార్య. మా అత్తగారిది గుడియాత్తం దగ్గర పల్లెలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తెలుగు చదవడం మాత్రం ఎవరికీ రాదు. ఆ ఇంటికి పెద్దకోడలిగా వెళ్లిన రెండో ఏట నేను ప్రభువును నమ్ముకున్నాను. అప్పటి నుంచి మా అత్త నాకు కంచం వేరుగా పెట్టింది. పండగనాడు వంటింట్లోకి రానివ్వలేదు. ఆదివారం సరిగ్గా నేను మందిరానికి బయల్దేరే వేళకు వడ్లు ఎండబెట్టమనేది. ఎనిమిదేళ్లు అలా గడిచాక మా ఆయన ఉద్యోగం పేరు చెప్పి చిత్తూరుకు మారిపోయాం. మా ఆయన మంచివాడే, నన్ను ఏనాడూ ఆపలేదు. కానీ ఈ రోజు వరకు మందిరం గడప తొక్కలేదు.

కవిత వచ్చి నాలుగేళ్లయింది. రెండుసార్లు కడుపు నిలవకపోయేసరికి ఆ పిల్ల మాట తగ్గిపోయింది, గదిలోంచి బయటికి రావడం మానేసింది. రోజూ ఫోనులో ఆమెతో ప్రార్థన చేసింది నేనే. గుడియాత్తం నేతవాళ్ల వీధిలో ఉన్న చిన్న మందిరం గుర్తులు చెప్పి పంపిందీ నేనే. ఆమె తేరుకోవాలని, దేవుడిని తెలుసుకోవాలని రెండేళ్లు అడిగాను. ఆమె తేరుకుంది, తెలుసుకుంది. ఆదివారం పొద్దున్నే మా అత్త ఆమెకు ఇడ్లీ పోసిపెడుతుందని, బస్సు వచ్చేదాకా రోడ్డు మీద తోడు నిలబడుతుందని మరిది చెప్పినప్పుడు నాకు కడుపు మండిపోయింది. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

చిత్తూరులో ఆరుంబావుకు బస్సెక్కితే కాట్పాడి, పాలారు వంతెన దాటి ఏడున్నరకల్లా వేలూరు కొత్త బస్టాండులో దిగాను. అక్కడి నుంచి ఆసుపత్రికి ఆటో నూట యాభై అన్నాడు. నేను బేరం మొదలుపెట్టకముందే ఆటో ఆయనే నవ్వి, "అదో టౌన్ బస్సు నిలబడి ఉండాది, ఎక్కమ్మా. ఆడోళ్లకు టికెట్టు లేదు. మా సవారీ ఎట్నో పోతాంది, నీ దుడ్డన్నా మిగలనీ" అన్నాడు. నిజంగానే తమిళనాడు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. పది నిమిషాల్లో ఆసుపత్రి వీధిలో ఉన్నాను. ఆ వీధిలో లాడ్జీల బోర్డులు తెలుగు, బెంగాలీ, హిందీ అన్ని లిపుల్లోనూ ఉంటాయి. మొదటిసారి వచ్చేవాళ్లు భయపడక్కర్లేదు, తెలుగు తెలిసినవాళ్లు అడుగుకొకరు కనిపిస్తారు.

మా అత్త తొరపాడిలో వాళ్ల చెల్లెలింట్లో రెండు రోజులుండి నాకంటే ముందే వచ్చి కూర్చుంది. కంటి ఆపరేషను తర్వాత ఇచ్చిన నల్లద్దాలు, ఒళ్లో గుడ్డసంచీ. నన్ను చూడగానే, "తిన్నావామ్మే?" అని అడిగి, జవాబు వినకుండా, "కవిత నిన్నటి నుంచి సరిగ్గా తినలేదంట. ఆ పిల్లకు నీళ్లంటే భయం" అంది. పదకొండింటికి పరీక్ష అయిపోయింది. కన్ను బాగుందని, ఇంకో నెల నీళ్లు తగలనివ్వొద్దని చెప్పారు. బయటికి రాగానే ఆమె బస్టాండు వైపు కాకుండా బజారు వైపు నడిచింది.

"యాడికత్తా?"

"కవితకు తెల్లచీర కొనాల. ఆ పనికి తెల్లదే కట్టాలంట గదా."

పద్నాలుగేళ్లలో నా కోసం ఒక రవికగుడ్డ కూడా తేని మనిషి, ఎండలో నల్లద్దాలు పెట్టుకుని నా ముందు గబగబా నడుస్తోంది. ఆమె వెనక నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు కూడా నాకు కోపంగా వినిపించింది.

కొట్టు యజమాని తెలుగాయన. తెల్లచీరలనగానే మా అత్త బోసి మెడ చూసి, "నీకేనామ్మా?" అన్నాడు.

"నాకు గాదు నాయనా, మా చిన్నకోడలికి."

ఆయన ముఖం వాడిపోయింది. "అయ్యో, చిన్న వయసులోనే..."

"ఛీ, దాని మొగుడు గుండ్రాయి మాదిరి ఉండాడు! చర్చిలో నీళ్లల్లో ముంచుతారు, దానికి." ఆయన తేరుకుని ఒక దొంతర దించాడు. మా అత్త సన్న ఎర్రంచు ఉన్న చీర ఒకటి తీసి వేళ్లతో నలిపింది. "ముత్తైదువకు ఒట్టి తెల్లది నేను కొనను. యేసుసామి ఒక అంచుకు ఏమీ అనుకోడు గదామ్మే?" అని నన్నడిగింది.

"ఏమీ అనుకోడత్తా" అన్నాను.

చీర ముద్దుగానే ఉంది కానీ చాలా పల్చన. తడిస్తే ఒంటికి అతుక్కుని లోపలిదంతా కనిపిస్తుంది. బాప్తిస్మానికి మందపాటి నూలుచీర కట్టాలని నాకు తెలుసు, మా అత్తకు తెలియదు. ఆమె కన్ను ఇంకా సరిగ్గా ఆనడం లేదు. చెప్పాలని నోరు తెరిచాను. అంతలో ఆమె ఆ చీరను చెంపకు ఆనించుకుని, "ఎంత మెత్తగా ఉండాదో చూడు, పిల్లకు బాగుంటాది" అంది. నేను నోరు మూసుకున్నాను. ఏడు వందలిచ్చి ఆమె ఆ చీరే కొంది. దారి ఖర్చులు చెప్పేచోట ఇది కూడా చెప్పాలి కదా అని రాస్తున్నాను. ఈ ప్రయాణంలో నేను చేసిన అన్నిటికంటే చెడ్డ పని అదే.

శనివారం మా అత్త నీచు ముట్టదు కాబట్టి ఆసుపత్రి వెనక సందులో ఒక శాకాహార మెస్సులో తిన్నాం. మనిషికి వంద రూపాయలు, వడ్డించే పెద్దాయన అడగకుండానే రెండోసారి రసం పోశాడు. "చిత్తూరామ్మా మీది? మాటలోనే తెలస్తాంది" అన్నాడు. మామూలుగా అయితే అక్కడ కూర్చుని ఆయనతో కబుర్లాడేదాన్ని. ఆ రోజు తలెత్తకుండా తిని లేచాను.

గుడియాత్తానికి రెండు దారులున్నాయి. కె.వి.కుప్పం మీదుగా ఊళ్లు తగులుతూ పోయేదొకటి, పల్లికొండ మీదుగా హైవేలో పోయేది ఇంకొకటి. తొందరున్నవాళ్లు పల్లికొండ బస్సు చూసుకోండి. ఒంటిగంటకు ఎక్కాం. దారంతా మా అత్త కవిత గురించే మాట్లాడింది. కవిత ఇప్పుడు నవ్వుతుందట. కవిత పాడుతుంటే పక్కింటావిడ గోడ దగ్గరికొచ్చి వింటుందట. పల్లికొండలో రంగనాథుడి గుడి వైపు తిరిగి దండం పెట్టుకుని, "నేను ఎవుర్నీ వదల్లేదు. ఆ పిల్ల తేరుకోవాలని అందర్నీ అడిగినాను. మీ సామి ముందు వచ్చినట్టుండాడు" అంది. ఇంకో రోజైతే ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని. నేను కిటికీ వైపు తిరిగి కొబ్బరితోటలు చూస్తూ కూర్చున్నాను.

రెండున్నరకు గుడియాత్తం చేరాం. మందిరం బస్టాండు నుంచి నడిచే దూరమే. మగ్గాల చప్పుడు వినిపించే వీధి చివర రేకుల కప్పు, పక్కన పెరట్లో సిమెంటు తొట్టి, దిగడానికి నాలుగు మెట్లు. మర్నాడు ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునేందుకు వీలుగా శనివారమే బాప్తిస్మాలిస్తారు. ఆ సాయంత్రం ముగ్గురున్నారు. కవిత నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి కావలించుకుని, మా అత్త ఇచ్చిన చీర విప్పి చూసి ఏడ్చేసింది. నేను బాగుందన్నాను.

నాలుగింటికి మొదలైంది. నీళ్లలోకి దిగే ముందు ఒక్కొక్కరూ తాము ఎలా నమ్ముకున్నారో సాక్ష్యం చెప్పాలి. కవిత తమిళంలో చెప్పింది. మగ్గాల చప్పుడులో నాకు సగమే వినిపించినా ఆ సగం చాలు. మా అత్త తనను కన్నతల్లిలా చూసుకుందని, ఒక్క రోజు కూడా అడ్డు చెప్పలేదని, అలాంటి అత్త ఎవరికీ దొరకదని చెప్పింది. అందరూ వెనక్కి తిరిగి నల్లద్దాల్లో ఉన్న మా అత్తను చూసి చప్పట్లు కొట్టారు. మరిది ముందు వరుసలో తువ్వాలు పట్టుకుని నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. కవిత నా గురించి కూడా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను వినలేదు, అప్పటికే లేచి గేటు వైపు నడిచాను.

మా అత్త వెనకే వచ్చింది. "ఏమ్మే, యాడికి పోతావు?"

"ఇంటికి."

"ఏమైందిప్పుడు?"

ఇన్నేళ్లూ దాచుకున్నది అక్కడ వీధిలో బయటపడింది. "నాకు కంచం వేరు పెట్టినావు. ఆదివారమైతే వడ్లు ఎండేయమన్నావు. ఆమెకు ఇడ్లీ పోసిపెడతావు, చీర కొంటావు. ఆమె నమ్మిందీ ఆ దేవుణ్ణే గదా? నేనేం పాపం చేసినాను?"

ఆమె అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "చేసినాను. నేనే చేసినాను. ఆ పొద్దు మీ మామ ఏమంటాడో, ఊరు ఏమంటాదో అని భయం. ఇప్పుడు మీ మామా లేడు, నాకా భయమూ లేదు." కొంచెం ఆగి, "అయితే ఒకటి చెప్పు. ఆ పిల్లను గూడా నీ మాదిరే ఏడిపించాల్సిందా? ఏడిపించింటే నీకు సంతోషమా?" అంది.

నేను బస్టాండు వైపు తిరిగాను. నిజమైన జవాబు అవుననే.

పాస్టరమ్మ గేటు దగ్గరికి పరుగున వచ్చింది. "అక్కా, కొంచెం ఉళ్ళ వాంగ. కవిత ఇరంగమాట్టేంగుదు" అంది. కవిత నీళ్లలోకి దిగనంటోందని, లోపలికి రమ్మని. అందరూ ఆ పిల్లకు నీళ్లంటే భయమనుకున్నారు. కానీ తొట్టి దగ్గరికి వెళ్లగానే నాకు అర్థమైంది. మొదటి మెట్టు మీద నిలబడిన కవిత చీర పిక్కల దాకా తడిసి కాళ్లకు అతుక్కుపోయి ఉంది. చుట్టూ ఇరవై మంది మగవాళ్లు. చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుని ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది.

పాస్టరమ్మనడిగి మందపాటి దుప్పటి ఒకటి తెచ్చాను. కవిత భుజాల చుట్టూ కప్పి ముడేసి, కట్టుకున్న చీరతోనే ఆమె కంటే ముందు తొట్టిలోకి దిగాను. నీళ్లు నడుము దాకా వచ్చాయి. ఆమె చెవి దగ్గర, "చీర పల్చనని నాకు అంగట్లోనే తెలుసు కవితా. తెలిసీ చెప్పలేదు" అన్నాను.

"ఎందుకక్కా?"

"నీ మీద కుళ్లుతో."

తిడుతుందనుకున్నాను. "సరే, గట్టిగా పట్టుకో. నాకు నిజంగానే నీళ్లంటే భయం" అని నా మణికట్టు పట్టుకుంది. పాస్టరుగారు ఒక పక్క, నేను ఒక పక్క. ఆమె మునిగి లేచేదాకా నా చెయ్యి వదల్లేదు.

తర్వాత మందిరం వెనక గదిలో మా అత్త తన సంచీలోంచి ఉతికిన చీర తీసి నాకిచ్చింది. అది కట్టుకుని, పాస్టరమ్మ ఇచ్చిన టీ తాగుతూ గోడకానుకుని కూర్చున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు మునిగిన పొద్దు నిన్ను ఎవురు పట్టుకున్నారు?" అనడిగింది.

"ఎవరూ లేరత్తా. పంటి డాక్టరు దగ్గరికని మీకు చెప్పి ఒక్కదాన్నే చిత్తూరు పోయినాను. తడిచీర కవర్లో పెట్టుకుని, వచ్చేటప్పుడు బస్సు కిటికీ దగ్గర ఆరబెట్టుకున్నాను."

ఆమె నా తడిచీర తీసుకుని పిండి, మడిచింది. తర్వాత, "ఆ చీర ఉండాదా?" అంది.

"ఉంది."

"ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా. చూస్తా."

అసూయ ఆ తొట్టిలో మునిగిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మొన్న కూడా మా అత్త ఫోనులో కవిత వండిన పులుసును మెచ్చుకుంటే నాకు చురుక్కుమంది. కానీ ఒక సంగతి తెలిసింది. నేను పడ్డ బాధలకు బదులుగానే దేవుడు నన్ను దగ్గరికి తీసుకున్నాడని ఇన్నేళ్లూ లోపల్లోపల అనుకుంటూ వచ్చాను. అందుకే బాధపడకుండా వచ్చినవాళ్లను చూస్తే నాది ఎవరో లాక్కున్నట్టు ఉండేది. బాధకు బదులుగా వచ్చేది కూలి అవుతుంది, కృప కాదు. కవితకు ఊరికే వచ్చింది. నాకూ ఊరికే వచ్చిందట, పద్నాలుగేళ్లు ఆలస్యంగా తెలుసుకున్నాను. కోపం వచ్చినప్పుడల్లా గేటు దగ్గర మా అత్త అడిగిన ప్రశ్ననే నన్ను నేను అడుగుతున్నాను. ఈమధ్య ఒకటి రెండుసార్లు కాదనే జవాబు వచ్చింది.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లుంటే ఒక్క సలహా. బాప్తిస్మం మీది కాకపోయినా, చూడ్డానికే పోతున్నా సరే, ఒక జత పొడిబట్టలు సంచీలో వేసుకోండి.