ఫ్లెక్స్ మీద తమ్ముడు

తెన్‌కాశి రోడ్డు మలుపులో మా తమ్ముడు నన్ను చూసి నవ్వినాడు. వాడు అప్పుడు ఉత్తరాన మంచు కొండల్లో డ్యూటీలో ఉన్నాడు. నవ్వింది ఫ్లెక్స్ మీదినుంచి.

ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నా మా ఊరు తమిళనాడులో ఉంది. నేను ఆసుపత్రి కట్లకు వాడే సర్జికల్ గుడ్డ నేసే షెడ్డులో ప్యాకింగ్ పని చూసుకుంటాను. మధ్యాహ్నం అన్నానికి స్కూటర్ మీద ఇంటికి వస్తా ఉన్నాను. పొద్దున పోయేటప్పుడు ఆ మలుపులో ఉత్త కొయ్యలు మాత్రమే నాటి ఉన్నాయి. ఇప్పుడు ఇంటి గోడంత ఫ్లెక్స్. అందులో తమ్ముడు, మిలిటరీ డ్రెస్సులో, భుజాన తుపాకితో. పక్కన చేతులు జోడించుకొని ఎలక్షన్లో నిలబడిన కాండిడేట్. ఇద్దరి తలలూ ఒకే ఎత్తు. పైన తమిళంలో రాసి ఉంది, సరిహద్దులో మన బిడ్డ, ఇక్కడ మన అన్న, ఇద్దరూ మన కాపలా అని.

మొదట నాకు సంతోషమే అయింది. వాణ్ణి చూసి చాలా కాలమైంది. ఎండలో పండ్లన్నీ కనపడేట్టు నవ్వుతా ఉంటే, రేయ్ అని పిలవబోయినాను కూడా. ఆ తరవాతే పక్కనున్న కాండిడేట్‌ను సరిగా చూసినాను. స్కూటర్ రోడ్డు మధ్యలో నిలిపేసినానని కూడా తెలీలేదు. వెనక టౌన్ బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "ఏమ్మా, ఫోటో చూసేదుంటే ఓరంగా నిలబడి చూడు" అని తమిళంలో అరిచినాడు.

ఇంటికి పోతే నాయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆ పొద్దు చొక్కా ఇస్త్రీ చేసుకొని వేసుకున్నాడు.

"చూసినావా?" అన్నాడు.

"చూసినాను. ఎవురు పెట్టించింది?"

"ఇంకెవురు, మీ చిన్నాయన."

చిన్నాయన అంటే నాయనకు తమ్ముడి వరస. మా వార్డులో ఆ పార్టీకి సెక్రటరీ. ముందు వారం ఓట్లు అడగడానికి వచ్చి, ముందర గదిలో గోడకున్న తమ్ముడి ఫోటోను ఫోన్లో తీసుకొని పోయినాడు. వెలుతురు సరిగా పడడం లేదంటే నాయనే ఆ ఫోటోను గోడ మీదనుంచి దించి కిటికీ దగ్గర పట్టుకున్నాడంట. మా నాయన స్పిన్నింగ్ మిల్లులో మేస్త్రీగా చేసి రిటైరై దిగినాడు. ఈ ఊరి మిల్లుల్లో ఆయన బతుకంతా దారం అయిపోయింది, ఆయన ముఖం ఎవురికీ గుర్తు లేదు. ఇప్పుడు కొడుకు ముఖం తెన్‌కాశి రోడ్డు మీద. పొద్దున్నుంచి పాత మిల్లు స్నేహితులంతా ఫోన్లు చేస్తా ఉన్నారు.

"వాణ్ణి అడిగినారా నాయనా?"

"అడిగేదేంది? మరియాద చేసేవాళ్ళు అడిగి చేస్తారా?"

ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేసినాడు. మామూలుగా వాడు మొదట అమ్మను అడుగుతాడు, తినినావా అంటాడు, ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాడు. ఈసారి నేను ఫోన్ ఎత్తగానే, "అక్కా, ఆ ఫ్లెక్స్ తీయించు" అన్నాడు.

"నీకెట్లా తెలిసింది?"

"మన పక్కన సేత్తూరు పిల్లోడు ఒకడు నా జతలో ఉండాడు. వాళ్ళ మామ వాట్సాప్‌లో పెట్టినాడంట. తెచ్చి చూపించినాడు. మా ఆఫీసరు కూడా చూసినాడు. పిలిచి అడిగినాడు. నాకు తెలీదు సార్ అన్నాను. నమ్మినాడు. అయినా అది ఆడ నిలబడి ఉన్నంత సేపూ నేను అబద్ధం చెప్పినట్టే కదా."

"నువ్వేం ఆయన పక్కన పోయి నిలబడలేదు కదరా."

"నిలబెట్టినారు కదా. చూసేవాళ్ళకు రెండూ ఒకటే. ఈ డ్రెస్సు వేసుకొని ఏ పార్టీ పక్కనా నిలబడకూడదక్కా. రేపు ఎవురు గెలిస్తే వాళ్ళు చెప్పినట్టు వినేవాళ్ళం మేము."

నాయన ఫోన్ లాక్కున్నాడు. స్పీకర్ పెట్టినాడు, ఆయనకు చెవి సరిగా వినపడదు. "ఏందిరా నీ రూలు? ఈ దొంగనాయాళ్ళకన్నా మీరు మేలు. నేను ఎన్నాళ్ళుగా చెప్తా ఉండాను, మిలిటరీ వచ్చి ఒక ఐదేండ్లు ఏలితేగాని ఈ దేశం బాగుపడదు."

ఆ మాట నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. కరెంటు పోతే అంటాడు, బస్సు రాకపోతే అంటాడు. టీ అంగట్లో ఎవురు అన్నా పక్కవాళ్ళు తల ఊపుతారు. నేనూ ఊపినాను చానాసార్లు. అది మాటే గాని, దాని లోపల ఏముందో విప్పి చూసుకోలేదు.

అవతల గాలి చప్పుడు మధ్యలో తమ్ముడు మెల్లగా అన్నాడు.

"నాయనా, మా ఆఫీసరు పో అంటే నేను పోతాను. ఎందుకని అడగను. అడగకూడదు. అట్లా ఉంటేనే ఈడ పని జరుగుతుంది. అట్లాంటి మేము వచ్చి ఊరు ఏలితే, మీరు కూడా ఎందుకని అడగకూడదు. కుళాయిలో నీళ్ళు రాకపోతే ఎవుర్ని తిడతావు నువ్వు?"

"ఇప్పుడు మాత్రం వస్తా ఉండాయా?"

"రావడం లేదు. అయినా తిడతా ఉండావు కదా."

నాయన ఫోన్ నా చేతిలో పెట్టేసి పెరట్లోకి పోయినాడు. అమ్మ వచ్చి, తినినావా బిడ్డా అని వాణ్ణి అడిగేలోపల లైన్ పోయింది.

మరుసటి పొద్దు చిన్నాయన ఇంటికి పోయినాను. పార్టీ రంగుల అంచున్న పంచె కట్టుకొని బయలుదేరతా ఉన్నాడు. నేను చెప్పిందంతా విని నొచ్చుకున్నాడు. నటన కాదు, నిజంగానే.

"వాడు నా కొడుకు మాదిరి కదా పాపా. మా ముఖాలు చూసి ఎవురు ఓటు వేస్తారు చెప్పు. జనానికి మా మీద నమ్మకం లేదు. ఆ డ్రెస్సు మీద ఉంది."

"అందుకే దాన్ని తీసుకోవద్దంటా ఉండాడు వాడు."

"పెట్టినాక తీస్తే ఏమంటారు? మిలిటరీవాడి కుటుంబం మా పార్టీని వదిలేసిందంటారు. కొంచెం పొరుత్తుకో. కాండిడేట్ అన్నను అడిగి చెప్తాను."

పొరుత్తుకో అంటే మా ఊళ్ళో ఓపిక పట్టు అని. ఆ మాట చెప్పినవాళ్ళు మళ్ళీ ఆ సంగతి ఎత్తరు. నేను షెడ్డుకు పోయినాను గాని పనిలో చెయ్యి నిలవలేదు. చుట్టిన గుడ్డను మళ్ళీ విప్పి చుట్టినాను. సైజులు కలిపేసినాను. నిమిషానికొకసారి ఫోన్ తీసి చూస్తా ఉంటే పక్కామె, "ఏంది, ఇంట్లో ఎవురికైనా బాగలేదా?" అని అడిగింది. అవునన్నాను.

మధ్యాహ్నం ఆ మలుపు మీద పోకుండా సందుల్లో చుట్టుకొని ఇంటికి వచ్చినాను. ముందర గదిలో కొత్త మనిషి కూర్చొని ఉన్నాడు. అవతలి పార్టీ లాయరంట. చాలా మర్యాదగా లేచి నిలబడినాడు.

"వాళ్ళు సైన్యాన్ని ఓట్లకు వాడుకుంటా ఉన్నారు చెల్లెమ్మా" అని తమిళంలో మొదలుపెట్టినాడు. "మీరు ఒక్క కంప్లయింటు మీద సంతకం పెట్టండి. మిగతాది మేము చూసుకుంటాము."

ఆయన చెప్పిందంతా సరిగానే ఉంది. నేను ఒప్పుకునేదాన్నేమో. అంతలో ఆయన ఫోన్ పైకెత్తి, "ఇదే మాట ఒకసారి వీడియోలో చెప్పండి. తమ్ముడి ఫోటో ముందర నిలబడి చెప్తే బాగుంటుంది" అన్నాడు.

చిన్నాయన కోసం నాయన దించిన ఆ ఫోటోనే. ఆయన చెయ్యి చూపించింది అదే కిటికీ వైపు.

"వీడియో వద్దండి" అన్నాను.

"జనానికి తెలియాలి కదమ్మా."

"ఏ పార్టీ పక్కనా తన ముఖం వద్దనే కదా మా తమ్ముడు అడిగేది."

నాయన లేచి వాకిలి తలుపు బార్లా తీసి పట్టుకొని నిలబడినాడు. లాయరు నవ్వుకుంటానే పోయినాడు. పోతా పోతా, మనసు మారితే చెప్పమన్నాడు.

నేను అన్నం తినకుండానే తాలూకా ఆఫీసుకు పోయినాను. ఎలక్షన్ పని చూసే ఆఫీసరమ్మ బల్లకు ఎదురుగా నిలబడి చెప్పినాను. ఆమె అలసిపోయి ఉంది, అయినా విన్నది. "మిలిటరీ వాళ్ళ ఫోటోలు ప్రచారానికి వాడకూడదని అందరికీ ముందే చెప్పినామమ్మా. మా వ్యాన్ వస్తుంది. వీడియో తీసి, కేసు రాసి, తీసేస్తారు."

"కేసులో మా తమ్ముడి పేరు ఉంటుందా?"

"ఫోటో ఎవురిదని రాయాలి కదా."

"పేపర్లో వస్తుందా?"

ఆమె నన్ను ఒకసారి తేరిపార చూసింది. తరవాత గొంతు తగ్గించి, "వ్యాన్ ఇప్పుడు వేరే పక్క పోయింది. రేపు పొద్దునే మీ రోడ్డుకు వచ్చేది. అంతలో వాళ్ళే తీసేసి ఉంటే నాకు రాయడానికి ఏమీ ఉండదు" అన్నది.

కాండిడేట్ ఆ సాయంత్రం పక్కూరు మంసాపురంలో తిరుగుతాడని గోడల మీద రాసి ఉంది. స్కూటర్ నేరుగా అక్కడికి తోలినాను. ఏం చెప్పాలో దారంతా తమిళంలో అనుకుంటూ పోయినాను, అక్కడికి పోయేసరికి అంతా మరిచిపోయినాను. డప్పులు, టపాకాయలు, ఓపెన్ జీపు మీద ఆయన. చిన్నాయన కింద నడుస్తా ఉన్నాడు. నన్ను చూసి ముఖం మాడ్చుకున్నాడు. నేను జనాన్ని తోసుకొని జీపు దగ్గరికి పోయి, "అన్నా, ఒక మాట" అన్నాను.

చిన్నాయన ఆయన చెవిలో ఏదో చెప్పినాడు. కాండిడేట్ ముఖం వెలిగిపోయింది. మైకు తీసుకొని, "సరిహద్దులో కాపలా కాసే మన వీరుడి అక్క మనల్ని దీవించడానికి వచ్చింది" అని అరిచినాడు. జనం చప్పట్లు కొట్టినారు. ఎవురో ఒక శాలువా తెచ్చి నా భుజాల మీద వేయబోయినారు. నా చుట్టూ ఫోన్లు పైకి లేచినాయి. తమ్ముడు వద్దన్న పని నా చేతులతో నేనే చేసేసినాను.

శాలువా మడిచి వెనక్కు ఇచ్చేసినాను. "శాలువా వద్దన్నా. ఆ ఫ్లెక్స్ తీయించండి. వాడు మీ పార్టీ కాదు, వాళ్ళ పార్టీ కాదు. వాడి ఉద్యోగానికి చెడ్డపేరు వస్తుంది."

నా గొంతు మైకులో పడిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. ముందర వరసలో పొలం పనినుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. అందులో ఒక ముసలామె, "ఇంటి ఆడబిడ్డ వద్దంటా ఉంది కదప్పా, తీసేయండి" అని గట్టిగా అన్నది. పక్కనున్నోళ్ళు కూడా అవునన్నారు. కాండిడేట్ ఒకసారి వాళ్ళ ముఖాలు చూసినాడు, ఒకసారి ఫోన్లు చూసినాడు. "మా చెల్లెలి మాటే నా మాట. తీసేస్తారు పోమ్మా" అని చెయ్యి ఎత్తినాడు. డప్పులు మళ్ళీ మొదలైనాయి.

మాట తప్పలేదు. చీకటి పడేలోపలే మనుషుల్ని పంపించినారు. కాకపోతే ఫ్లెక్స్ అంతా తీయలేదు, మా తమ్ముణ్ణి మట్టుకు బ్లేడుతో కోసి తీసినారు. నేను పోయి చూస్తే కాండిడేట్ చేతులు జోడించుకొని అట్లే ఉన్నాడు. పక్కన మనిషి ఆకారంలో ఒక బొక్క. తుపాకి ఉన్నచోట సన్నటి చీలిక. దాని గుండా కొండలు కనపడతా ఉన్నాయి. గాలి వచ్చినప్పుడల్లా ఆ అంచులు పటపటా కొట్టుకుంటా ఉన్నాయి. తమ్ముడి బొమ్మ ఉన్నప్పటికన్నా ఇప్పుడే ఎక్కువమంది నిలబడి చూస్తా ఉన్నారు.

కోసిన ముక్కను చిన్నాయన పారేయనీకుండా చుట్టి మా ఇంటికి పంపించినాడు. నాయన దాన్ని తాకలేదు. అమ్మ మాత్రం విప్పి, ముఖం మీద దుమ్ము కొంగుతో తుడిచి, మళ్ళీ చుట్టి బియ్యం డబ్బా వెనక నిలబెట్టింది.

అంతటితో అయిపోలేదు. తమ్ముడి ఆఫీసరు నమ్మినా, ఫోటో ఎట్లా బయటికి పోయిందో ఇంటివాళ్ళు రాసి పంపించాలన్నారంట. నాయన ఆ కాగితం రాయనని రెండు పూటలు మొండికేసినాడు. తప్పు చేసినట్టు రాసేదేంది అన్నాడు. చివరికి తనే రాసినాడు, కొడుకుకు తెలీకుండా తానే ఫోటో ఇచ్చినానని. చిన్నాయన చేత కూడా సంతకం పెట్టించుకొని వచ్చినాడు. ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. ఓట్లు వేసే పొద్దు ఇద్దరూ ఒకే లైన్లో నిలబడినారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తమ్ముడికి ఏ శిక్షా పడలేదు. లీవు మాత్రం వెనక్కి జరిగింది. వాడు వచ్చేసరికి ఫలితాలు వచ్చి, గోడలకు సున్నం కొట్టేసి ఉన్నారు. వచ్చిన మరునాడే చిన్నాయన వచ్చి వాకిట్లో చెప్పులు విప్పకుండా నిలబడినాడు. నాయన పేపర్ వెనక ముఖం దాచుకున్నాడు. తమ్ముడే లేచిపోయి, "రా చిన్నాయనా, లోపలికి రా" అని చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టినాడు. కాఫీ తాగినాక చిన్నాయన మెల్లగా అడిగినాడు.

"ఇంకా ఎన్నేండ్లు తంబీ నీ సర్వీసు?"

"ఎక్కువ లేదు."

"దిగినాక రూలేం లేదు కదా. నీ మాదిరి ఆళ్ళు కావాలి మాకు. వార్డుకు నిలబడితే ఎదురు నిలిచేవాడుండడు."

నాయన పేపర్ కిందికి దించినాడు. కొన్ని నెలల తరవాత ఆయనా, చిన్నాయనా మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. తమ్ముడు నవ్వి, కాఫీ గ్లాసులు తీసుకొని లోపలికి పోయినాడు.

ఆ సాయంత్రం వాడు మిద్దె మీద బట్టలు ఆరేస్తా ఉంటే నేనూ పోయినాను. ఆ పనికి నన్ను చెయ్యి పెట్టనీయడు, ఒక్కో చొక్కా దులిపి, కుట్టు కుట్టుకు సరిగా లాగి ఆరేస్తాడు.

"నిలబడతావా?" అని అడిగినాను.

"తెలీదక్కా" అన్నాడు. "అప్పటికి డ్రెస్సు విప్పేసి ఉంటాను. అప్పుడు తప్పు లేదు. కానీ వాళ్ళు చూసేది నన్నా, విప్పేసిందాన్నా అనేదే తెలీడం లేదు."

ఇంకో చొక్కా తీసుకొని దులిపినాడు. కింద గదిలో నాయన, చిన్నాయన వార్డు అని, ఓట్లు అని గట్టిగా మాట్లాడుకుంటా ఉన్నారు. ఏమంటా ఉన్నారో వినడానికి నేను మెట్ల దాకా పోయి, మళ్ళీ వెనక్కు వచ్చినాను.