జిగురు బల్ల ఆడవాళ్ల రక్తం

పిన్నికి చెప్పు ఊడిపోయిన సంగతి గుమ్మం ఎక్కాకగానీ తెలియలేదు. కార్ఖానా నుంచి ఇంటిదాకా ఒంటి చెప్పుతోనే నడిచొచ్చింది. పక్కింటావిడ పడీపడీ నవ్వింది.

"ఊరందరికీ బూట్లు అతికిస్తావు, నీ కాలికొకటి అతికించుకోలేకపోయావా?"

పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూనే కాలెత్తి చూసుకుంది. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది. నొప్పి మాత్రం లేదు.

అసలామె పిన్ని ఒక్క అక్క కూతురికే. అక్క పోయాక ఆ పిల్లను పెంచింది ఆమే, బూట్ల కార్ఖానాలో తన పక్కనే పనికి పెట్టించిందీ ఆమే. ఆ పిల్ల నోరారా "పిన్నీ" అని పిలుస్తుంటే కార్ఖానా మొత్తానికీ పిన్ని అయిపోయింది. వాళ్లది జిగురు బల్ల. బూటు అడుగుకు బ్రష్షుతో జిగురు రాసి, తడి కాస్త లాగాక పైభాగం పెట్టి నొక్కాలి. గాలి తగిలితే జిగురు ముందే మీగడ కడుతుందని మేస్త్రి కిటికీలు తెరవనిచ్చేవాడు కాదు. కొత్తలో ఆ వాసనకు తల తిరిగేది. తర్వాత అలవాటైపోయేది.

చెప్పు పోయిన దగ్గర్నుంచి పిన్నికి ఒక్కోటీ తేడా తెలిసొచ్చింది. జాకెట్టు హుక్కులు వేళ్లకు చిక్కవు. గ్లాసు పట్టుకున్నాననుకుంటే కింద పడి ఉంటుంది. బల్ల దగ్గర బూట్లు వంకరగా అతుక్కుంటున్నాయి.

"వచ్చిందమ్మా నాటకాల రాణి!" అనేవాడు మేస్త్రి.

కార్ఖానా డాక్టరు షుగరు లేదన్నాడు, రక్తం బ్రహ్మాండంగా ఉందన్నాడు. "ఈ వయసు ఆడవాళ్లకి ఇవన్నీ మామూలే. మనసులో ఏమైనా దిగులుందా?"

"ఉందండీ. నా కాళ్లు నాకు తెలియడం లేదని."

ఆయన బలం మాత్రలు రాసి పంపించేశాడు.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఆమె చెప్పింది ఆసాంతం విని, రక్తం వేరే పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక కూర్చోబెట్టి చెప్పింది.

"నరం లోపల సన్నటి పోగుల్లా ఒక ప్రోటీన్ ఉంటుందమ్మా, న్యూరోఫిలమెంట్ అంటారు. నరం దెబ్బతింటే అది రక్తంలోకి వస్తుంది. నీ వయసువాళ్లలో ఉండాల్సినదానికంటే నీలో చాలా ఎక్కువుంది. షుగరు ముదిరినా, కొన్ని గట్టి మందులు వాడినా పెరగొచ్చు. ఎందువల్లో అది చెప్పదు. దెబ్బ తగులుతోందని మాత్రం చెబుతుంది. నీకు షుగరూ లేదు, ఆ మందులూ వాడలేదు. నాకు ఆ జిగురు మీదే అనుమానం."

పిన్నికి కడుపు నిండినట్టయింది. తను అబద్ధాలకోరు కాదని ఒక్కరైనా అన్నారు.

ఆ మాట మేస్త్రికి చెబితే ఎగిరిపడ్డాడు. "మా జిగురేనని రక్తం చెప్పిందా?" కార్ఖానా డాక్టరు మాత్రం, అదేదో తేల్చేద్దామంటూ జిగురు బల్ల ఆడవాళ్లందరి రక్తమూ అదే పరీక్షకు తీయించాడు. ఫలితాలొచ్చాక, భోజనాల వేళ అందరి ముందూ చెప్పాడు.

"చూడు పిన్నీ, నీది మిగతావాళ్లకి కాస్త అటూ ఇటూగా ఉంది, అంతే. మా దగ్గర ఇది మామూలే. నీకే జబ్బూ లేదు."

మేస్త్రి చప్పట్లు కొట్టాడు. బల్ల దగ్గరివాళ్లు హమ్మయ్య అనుకున్నారు. పిన్నికి తలెత్తబుద్ధి కాలేదు. అనవసరంగా రచ్చ చేశానా అని ఆమెకే అనిపించింది. ఆ మాట చెప్పి సెలవు తీసుకుందామనే మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "నీ పక్కన కూర్చున్నవాళ్లతో పోల్చాడా? పడవలో అందరికీ మోకాళ్లదాకా నీళ్లొస్తే నీళ్లు మామూలే అన్నట్టుంది! జిగురు ముట్టనివాళ్లతో పోల్చాలమ్మా. వాళ్లకీ నీ అంత ఉందంటే, వాళ్ల నరాలూ పాడవుతున్నాయని!"

పక్కన కూర్చున్నవాళ్లు అనగానే పిన్నికి ఒక్క ముఖమే కళ్ల ముందు మెదిలింది.

ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల వాకిట్లో బట్టలు పిండుతోంది.

"రేపట్నుంచి నువ్వు పనికి రావద్దు."

"ఏం, నీకు తోడు నన్నూ మంచమెక్కిస్తావా? నా కాళ్లు శుభ్రంగా ఉన్నాయి పిన్నీ."

పిన్ని ఆ పిల్లను మెట్టు మీద కూర్చోబెట్టి కళ్లకు తువ్వాలు కట్టింది. "ఏ కాలివేలు పట్టుకున్నానో చెప్పు."

"ముందు పట్టుకో, అప్పుడు చెప్తా," అని ఆ పిల్ల కిలకిలా నవ్వింది.

పిన్ని తన చేతివేళ్లను తనే నమ్మలేక వంగి చూసుకుంది. ఆ పిల్ల కాలి చిటికెనవేలు నలిగేలా పట్టుకునే ఉంది.

మర్నాడు డాక్టరు బల్ల దగ్గరికి రాగానే పిన్ని ఎదురెళ్లింది.

"మామూలే అన్నారు కదండీ. అయితే మీ రక్తం, మేస్త్రి రక్తం, పైన ఆఫీసులో కూర్చునేవాళ్ల రక్తం కూడా తీయండి. మీకూ మా అంతే ఉంటే ఈ క్షణమే కూర్చుని జిగురు రాస్తాను. లేకపోతే మా ఇన్ని కాళ్లకీ మీరేం చెబుతారో చెప్పండి. చిన్నపిల్లండీ అది! దాని కాలివేలు నేను నలిపేస్తున్నా దానికి తెలియలేదు!"

"పనిలో పడవే!" అని మేస్త్రి అరిచాడు.

ఎవరూ పనిలో పడలేదు. బల్ల చుట్టూ ఒక్కొక్కరే తమ చెప్పులు విప్పి, వంగి, కాలివేళ్లు నొక్కి చూసుకుంటున్నారు.