పిక్క నొక్కినా కదలని పాదం

నా చీలమండ మెలికపడింది కాలేజీ మెట్ల మీద. దానికీ పోలీసులకూ ఏ సంబంధమూ లేదు. ఆ మాట అప్పుడే మైకులో చెప్పాను. అయినా కోరుట్లలో నన్ను ఇంకా ‘లాఠీ దెబ్బ తిన్న మేడం’ అనేవాళ్లున్నారు. అందుకే రాసి పెడుతున్నాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె చేస్తున్న రోజులు. కాలేజీ బంద్. జువాలజీ లెక్చరర్ని, ఇంట్లో కూర్చోలేక కట్టు కట్టిన కాలితోనే దీక్షా శిబిరానికి వెళ్లేదాన్ని. పాదం లోపలికి ఒరిగి, బయటి బొడిపె కింద ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ సాగింది, అంతే. కొన్నాళ్లు ఆగితే తగ్గేదే.

ఆ రోజు నా వెనుక చాట ఒడిలో పెట్టుకుని ఒకామె బీడీలు చుడుతోంది. మంచినీళ్లకు లేచినప్పుడు ఆమె నడక చూశాను. కుడి మడమ నేలకు ఆనుతోంది గానీ వేళ్లతో నేలను తన్నడం లేదు.

“ఏమైందక్కా కాలుకు?”

“పోయిన వారం సమ్మెల రోడ్డు మీద వంటలు చేస్తుంటె పోలీసోళ్లు తరిమిండ్రు గద మేడం. ఉరికిన. ఎనకకెళ్లి ఎవలో మడిమకు రాయితోని కొట్టినట్టయింది. మర్రి చూస్తె ఎవ్వల్లేరు. బెణికిందని మా ఆయిన దినాం నూనె రాస్తుండు.”

“మునివేళ్ల మీద లేస్తవా?”

“ఆ కాలు మీద లేవొస్తలేదు.”

నా కాలు చూసిన ఎముకల డాక్టరు ముందు నా పిక్కే నొక్కాడు. ఎందుకని అడిగి తెలుసుకోకుండా వదిలే మనిషిని కాను. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే లావుపాటి తాడు బాగుంటే, పిక్క నొక్కగానే పాదం కిందికి వంగాలి. ఆమెను కుర్చీ మీద మోకాళ్లతో నిలబెట్టాను, పాదాలు గాల్లో వేలాడేట్టు. ఎడమ పిక్క నొక్కితే పాదం వంగింది. కుడిది ఎంత నొక్కినా కట్టెలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే మైకులో మా సమ్మె కమిటీ పెద్ద: “లాఠీతోని కాలు ఇరిగినా దీక్షకు అచ్చిన మన మేడంకు గట్టిగ సప్పట్లు కొట్టుండ్రి.”

కుంటుకుంటూ వెళ్లి మైకు లాక్కున్నాను. “నేను మెట్ల మీద పడ్డ. పోలీసులు తరిమితే కాలు పోయింది గీమెది. ఇన్నొద్దుల సంది మీ ముంగటికెళ్లి కుంటుకుంట పోతుంటె ఒక్కలన్న అడిగిండ్రా?”

“మేడం, ఉద్యమం కోసం గింత సర్దుకోరాదు?” అన్నాడాయన గొంతు తగ్గించి.

“ఆమెది ఉద్యమం కాదా? లెక్చరర్ కాలైతెనే ఫొటోకు పనికొస్తదా? మీ జీపు ఇయ్యుండ్రి, జగిత్యాల దవాఖానకు తీస్కపోత.”

“తొవ్వల మనమే రాస్తారోకో పెట్టినం గదా.”

“మనం పెట్టిందే గద. మనమే జరుపుదాం.”

“నా కోసం లొల్లెందుకు మేడం. ఇయ్యాల బీడీలు కార్ఖానల ఇచ్చి రావాలె,” అందామె. చాట పక్కామెకు అప్పజెప్పి ఆమెను జీపెక్కించాను.

తాడు పూర్తిగా తెగిందన్నాడు డాక్టరు. ఆలస్యం చేశారని నన్నే కసిరాడు. తెగిన కొసలు దగ్గరికి రావాలని పాదాన్ని కిందికి వంచి పిండికట్టు వేశాడు. ఆమె మళ్లీ నడిచింది గానీ కుడి మడమలో ఆ బలం తిరిగి రాలేదు.

రాష్ట్రం వచ్చింది. ఉద్యమంలో గాయపడ్డవాళ్లకు సన్మానమంటూ అదే పెద్దమనిషి నా పేరు రాసుకొచ్చాడు. కొట్టేసి ఆమె పేరు రాయమన్నాను.

“ఆమెకు దెబ్బ తాకినట్టు కాయితం ఉన్నదా మేడం?”

“నాకున్నదా?”

“మీకెందుకు మేడం, మీది అందరికి తెల్సిందే గదా.”

ఆ సభకు నేను పోలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్తే, చాయ్ పెట్టడానికి పై అరలోని చక్కెర డబ్బా కోసం ఎడమ కాలి వేళ్ల మీద లేచి అందుకుంటోంది. కుడి పాదం పక్కన ఊరికే వేలాడుతోంది.