మా ఇంట్లో ‘ఒద్దు’కు విలువ వచ్చిన ఎండాకాలం

మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నవాడు ‘ఒద్దు’ అంటే ఇంకో గరిటె వేయమని అర్థం. రెండోసారి అంటే మొహమాటపడుతున్నాడని అర్థం. ప్లేటు మీద చేతులు అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వేస్తారు. ఈ విద్యలో కోరుట్లలో మా అమ్మను మించినవాళ్లు లేరు. నేను ఈ పద్ధతిలోనే పెరిగాను. నన్ను చూస్తే తెలుస్తుంది.

నా మేనకోడలికి మాత్రం ఈ పద్ధతి ఎక్కలేదు. ఆమెకు ఆరేళ్లు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. తెల్లన్నం ఇష్టం, దాని మీద ఇంకేదీ పడకూడదు. పడితే అరుస్తుంది, ప్లేటు విసురుతుంది. రెండేళ్ల కిందట సిరిసిల్లలో వాళ్ల బాబాయి నిశ్చితార్థం దావత్‌లో ఎవరో పెద్దమ్మ ప్రేమగా మటన్ రసం పోసింది. ప్లేటు లేచి వెళ్లి పెళ్లికొడుకు తెల్ల చొక్కా మీద వాలింది. కొంప మునిగినట్టు అందరూ లేచి నిలబడ్డారు. నన్నడిగితే ఆ చొక్కా అంతకుముందు కూడా బాగోలేదు.

ఈ ఎండాకాలం ఆ బాబాయికే కొడుకు పుట్టాడు. పిల్లవాడిని తొట్టెలలో వేసే ఫంక్షన్‌కు పిలవడానికి అక్క వాళ్ల అత్తమ్మ ఫోన్ చేసింది. బావ సిరిసిల్లలోనే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. అక్క, మేనకోడలు మాత్రం మా దగ్గర ఉంటున్నారు. పిల్లకు పాఠం చెప్పే మేడం జగిత్యాలలో ఉంది, కోరుట్ల నుంచి దగ్గర.

“నువ్వు రా బిడ్డా. పిల్లను మీ అమ్మ దగ్గర ఉంచి రా. నలుగుర్ల మల్ల గట్లయితే మంచిగుండది” అంది అత్తమ్మ.

అక్క “సరే అత్తమ్మా” అని ఫోన్ పెట్టేసి, “నా బిడ్డ రాని ఇంటికి నేనెందుకు పోత” అని గోడకు చెప్పింది. గోడ ఏమీ అనలేదు. నేను బండి తీశాను. ముగ్గురం జగిత్యాల వెళ్లాం.

మేడం మొత్తం విని, పిల్లను తప్పు పట్టలేదు. “ప్లేటు ఇసురుడు గూడ మాటనే. నాకొద్దు అని చేతితోని చెప్తున్నది. నోటితోని చెప్పుడు నేర్పుదాం” అంది.

చెంచాలో కొంచెం పప్పు తీసుకుని పిల్ల అన్నం వైపు తెచ్చింది. పిల్ల చేయి లేవకముందే తనే “ఒద్దు” అని అందించింది. పిల్ల “ద్దు” అంది. చెంచా అప్పటికప్పుడే వెనక్కి పోయింది. పిల్ల చెంచాను, మేడంను మార్చి మార్చి చూసింది. లోకంలో ఇలాంటి మీట ఒకటి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి. కొన్నాళ్లకు మేడం “ఒ...” అని ఆగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అదీ మానేసి, ముఖం చూస్తూ ఊరుకునేది. ఎప్పటికీ మనమే అందిస్తే పిల్ల మనకోసమే కాచుకుంటుందట. పిల్ల తనంతట తనే “ఒద్దు” అన్న రోజు మేడం మమ్మల్ని కూర్చోబెట్టింది.

“ఒక్క ముచ్చట యాదుంచుకోండ్రి. ఆమె ఒద్దన్నంక గూడ ఏసిన్రనుకో, ఆ మాటతోని పని కాదని ఆమెకు తెలిసిపోతది. మల్ల ప్లేటే లేస్తది. ఇంట్ల గట్ల ఏసేటోళ్లు ఎవరన్న ఉన్నరా?”

అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాం. “తెల్లన్నం తింటే బలమెట్లస్తది? ఒద్దంటే ఊకునుడేనా?” అంది.

“ఊకునుడే” అన్నాను.

“నువ్వు చిన్నగున్నప్పుడు ఒద్దంటే నేనూకున్ననా?”

“అందుకే గద గిట్లున్న.”

మొదటి రోజు పిల్ల చక్కగా “ఒద్దు” అంది. అమ్మ గరిటె వెనక్కి తిరిగింది, సగం దారిలో మనసు మార్చుకుంది. ప్లేటు చెప్పుల స్టాండు దాకా వెళ్లింది. “నా చెయ్యి దానంతటదే పోయింది” అంది అమ్మ.

పాఠం కావలసింది ఎవరికో అప్పుడు తేలింది. మంచి పని చేసిన క్షణంలోనే మెచ్చుకోవాలని, సాయంత్రం గుర్తుచేసుకుని కాదని మేడం అక్కకు చెప్పింది. నేను దాన్ని అమ్మ మీద ప్రయోగించాను. గరిటె వెనక్కి వెళ్లగానే “శభాష్ అమ్మా” అని, వెంటనే చాయ్ తెచ్చి చేతిలో పెట్టాను.

“నాకేమన్న ఆటిజమా?”

“లేదు. గరిటె ఉన్నది.”

అయినా చాయ్ తాగింది. మర్నాడు గరిటె ఇంకాస్త తొందరగా వెనక్కి వెళ్లింది. చదువు అంటుకుందని సంబరపడ్డాను కానీ, అది ఎక్కడ ఆగాలో అమ్మకు తెలియలేదు. ఆదివారం మటన్ వండింది. నేను మర్యాదకు “ఒద్దమ్మా” అన్నాను. గరిటె నన్ను దాటి వెళ్లిపోయింది.

“అమ్మా, నేను ఉత్తగన్న.”

“ఇంట్ల అందరికి ఒక్కటే రూల్ అన్నవ్ గద” అంది. ఆ పూట నేను గిన్నెలో మిగిలిన ఒక్క ఎముకతో అన్నం తిన్నాను. మేనకోడలు మాత్రం మూడు పూటలా ప్లేటును కింద ఉంచే తింటోంది. దువ్వెనకు కూడా ‘ఒద్దు’ చెప్పి చూసింది. అక్కడ మాత్రం వాళ్లమ్మ లొంగలేదు.

ఫంక్షన్ రోజు అక్క ఎవరినీ అడగలేదు. పిల్లకు గౌను వేసి బస్సెక్కింది. తోడుగా అమ్మ వచ్చింది. నేను కూడా తోడే అని చెప్పాను. అసలు మటన్ కోసం వెళ్లాను.

పిల్లను చూసి అత్తమ్మ బాబాయి చొక్కా వైపు చూసింది. బంతిలో పిల్లను మధ్యలో కూర్చోబెట్టాం. తెల్లన్నం వచ్చింది, తినసాగింది. అప్పుడు అత్తమ్మ బకెట్, గరిటె పట్టుకుని మా వరుసకు వచ్చింది. బాబాయి రెండడుగులు వెనక్కి వేశాడు. ఈసారి నీలం చొక్కా. అక్క పెదాలు ‘ఒ’ దాకా వచ్చి మూతబడ్డాయి. అందించకూడదు కదా.

పిల్ల గరిటెను చూసింది. “ఒద్దు” అంది.

“గట్లంటే ఎట్ల బిడ్డా, జరంత” అని అత్తమ్మ గరిటె వంచింది.

రసం ప్లేటులో పడలేదు. మా అమ్మ చేతి మీద పడింది. చేయి ఎప్పుడు అడ్డం పెట్టిందో నేను చూడనేలేదు.

“ఒద్దన్నది గద వదినె” అంది అమ్మ, చేయి కొంగుకు తుడుచుకుంటూ.

“పిల్లలు ఒద్దంటే ఊకుంటమా వదినె?”

“ఊకోవాలె. నేను నేర్చుకున్న. కష్టమేం లేదు, చాయ్ గూడ ఇస్తరు.”

అత్తమ్మ గరిటెను బకెట్‌లో పెట్టి, పిల్ల వైపు కాసేపు చూసింది. పిల్ల ఇదంతా పట్టించుకోలేదు, అన్నం తింది, ప్లేటు నాకింది. బంతి మొత్తం ఏమీ జరగకుండా ముగిసింది. అక్క కళ్లు తుడుచుకుని, పచ్చిపులుసులో కారం ఎక్కువైందంది. ఆమె ప్లేటులో పచ్చిపులుసు లేదు.

మధ్యాహ్నం బస్సు టైమైంది. పిల్ల పక్కింటి సాంచాల చప్పుడు వింటూ, దానికి తగ్గట్టు ఊగుతూ గడప మీద కూర్చుంది. “పోదాం పా బిడ్డా” అని అక్క చేయి పట్టుకుంది.

“ఒద్దు.”

అక్క ఏం చేయాలో తోచక మా వైపు చూసింది. లోపలి నుంచి అత్తమ్మ వచ్చింది.

“ఒద్దన్నది గద. ఇంకేంది, బ్యాగులు లోపట పెట్టున్రి” అంది.

మోసే పని నాకు పడింది. నేనూ ఒద్దన్నాను. ఎవరూ వినలేదు.